ఎడమవైపు ఒత్తిగిలితే

దుర్గాభవాని పగలు ఎక్కడ కూర్చుంటే అక్కడే నిద్రపోయేది. రాత్రి మంచం ఎక్కితే మాత్రం రెప్ప పడేది కాదు. ఏడో నెల పెట్టిన దగ్గర్నుంచి ఇదే వరస. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, చేతిలో కాయ చేతిలో ఉండగానే తల వాల్చేసేది. పొయ్యి మీద పాలు పెట్టి గోడకు చేరబడి, అవి పొంగి గట్టంతా పారినా తెలియకుండా కునికేది. కళ్ళ కింద నల్లటి చారలు పడ్డాయి. ఏమన్నా అంటే చాలు కళ్ళలో నీళ్ళు తిరిగేవి.

ఆమె అత్త లక్ష్మీనరసమ్మకు మొదట్లో ఇది వింతగా తోచింది. తను ముగ్గుర్ని కన్నది. నాట్లకు వెళ్ళి వచ్చి నడుం వాల్చడం, తెల్లవారి లేవడం, ఆ రెంటి నడుమ ఏం జరిగేదో ఆమెకు ఎన్నడూ తెలియదు. నిద్ర రాకపోవడం అంటే ఎలా ఉంటుందో ఊహించుకోవడానికి ప్రయత్నించి, ఊహించుకుంటూనే నిద్రపోయేది.

అసలు మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి. కానీ భవాని వదిన కూడా అప్పుడే నెలలతో ఉంది. ఒకే కప్పు కింద ఇద్దరు కడుపుతో ఉన్నవాళ్ళు ఉండకూడదని పెద్దలు అనడంతో భవాని అత్తింట్లోనే ఉండిపోయింది. మొగుడు ఉమాశంకర్ సాలూరు వాళ్ళ లారీ నడుపుతాడు. రాయపూర్ అని పోతాడు, నాగపూర్ అని పోతాడు, ఇంటికొచ్చేది ఎప్పుడో. అందుకని కోడలి భారమంతా లక్ష్మీనరసమ్మ మీద పడింది. ఆమె ఆ భారాన్ని తిన్నగా తీసుకెళ్ళి దేవుడి మీద పెట్టింది.

భోగాపురం చుట్టుపక్కల చాలా ఇళ్ళలో దేవుడి పటాలు తూర్పు ముఖంగా ఉంటాయి. వీళ్ళ ఇంట్లో మాత్రం శ్రీకూర్మనాథ స్వామి పటం తూర్పు గోడకు ఉండి, పడమర వైపు చూస్తుంది. శ్రీకూర్మం గుడిలో స్వామి పడమర ముఖంగా ఉంటాడు గనక మన ఇంట్లోనూ అలాగే ఉండాలని లక్ష్మీనరసమ్మ మామగారు ఆ రోజుల్లో అక్కడ మేకు కొట్టించాడు. ఆయన పోయినా మేకు కదల్లేదు. కోడలికి ఏడో నెల రాగానే ఆ పటం ఉన్న మధ్యగదిలోకే లక్ష్మీనరసమ్మ కోడలి మంచం తెచ్చి వేయించింది. తలవైపు దక్షిణానికి పెట్టించి, తను కింద చాప పరుచుకుని, స్వామికి చేతులు జోడించి మొక్కుకుంది: "నా కోడలు కనీదాకా నీ కళ్ళెదుటే తొంగుంటాది సామీ. ఇంక నువ్వు సూసుకో."

మంచం అలా మారిన దగ్గర్నుంచే భవానికి నిద్ర కరువైందన్న సంగతి ఆవిడకు అప్పుడు తోచలేదు.

ఊళ్ళోని ఆసుపత్రిలో నర్సు ఈశ్వరి, భవాని జబ్బకు పట్టీ చుట్టి బీపీ చూసింది. చూసి, మళ్ళీ చూసింది.

"ఏటి పిన్నీ, ఈ పిల్లని తొంగోనివ్వట్లేదా మీరు?"

"అయ్యో, నేనేటి సేసేనమ్మా! మంచం మీద మంచం, పరుపు మీద పరుపు ఏసేను. తొంగోదే!"

"బీపీ గట్టు మీదున్నాది. నిద్ర లేకపోతే ఇంకా ఎక్కుతాది. వచ్చే వారం సూస్తాను. ఇలాగే ఉంటే ఇజీనగరం పెద్దాసుపత్రికి రాసేస్తాను. కనీదాకా ఆ మంచమ్మీదే ఉండాల."

భవాని అత్త కొంగు పట్టుకుంది. ఆసుపత్రిలో ఒక్కర్తీ ఉండడమంటే ఆమెకు చచ్చేంత భయం. లక్ష్మీనరసమ్మకూ భయమే. కోడలి బాధ్యత స్వామికి అప్పగించాక కూడా ఇలా అయిందేమిటన్నది ఆమెకు అంతుపట్టలేదు.

"రాత్రి కూడు ఎప్పుడు తింటావు?" అని ఈశ్వరి అడిగింది.

"మావయ్య పొలం నుంచి వచ్చి తానం సేసేక అందరం..."

"తిని?"

"తొంగుంటాను."

"తొంగోగానే గుండెల్లో మంట, పుల్లతేన్పులు. అంతేనా? టీ తాగుతావా?"

"టీ ఎంతమ్మా!" అని లక్ష్మీనరసమ్మ అందుకుంది. "పొద్దున్న గలాసుడు. సాయంత్రం గలాసుడు. మద్దిన ఎవరైనా వస్తే ఆల్లతో పాటు..."

"మీ ఇంటికి ఎవరూ రాని రోజుందా పిన్నీ?" అని ఈశ్వరి నవ్వింది. "మద్దేన్నం దాటితే టీ వద్దు. సీకటి పడకముందే తినేసి, వాకిట్లో నాలుగడుగులు తిరగమనండి. నీళ్ళు పగలు బాగా తాగి, పొద్దుగూకేక తగ్గించాల. మరి ఏ పక్క తొంగుంటన్నావే?"

భవాని కాలి బొటనవేలు చూసుకుంటూ, "ఎడం పక్కేనండి" అంది.

"ఆ, అదే మంచిది. ఎల్లకిలా వద్దు, బరువంతా నడుం మీద పడి ఊపిరాడదు. కుడి పక్కయితే తప్పేటీ నేదు గానీ, నీలాంటి మంట ఉన్నోళ్ళకి పులుపు పైకి ఎగదన్నుతాది. ఎడం పక్క తిరిగి, మోకాళ్ళ మద్దిన ఓ దిండు, పొట్ట కింద ఓ సీర మడత పెట్టుకో. ఫోను మంచం దగ్గర పెట్టకు. పగలు కాసేపే కునుకు తియ్యి, పొద్దల్లా తొంగున్నావంటే రాత్రికి ఇంకేటి మిగులుతాది?"

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో సూర్యుడు ఉండగానే వంట దిగేది. లక్ష్మీనరసమ్మ మొగుడు జగన్నాధం కంచం ముందు కూర్చుని బయటికి చూశాడు. ఎండ ఇంకా గడ్డివాము మీద ఉంది.

"ఇప్పుడు కూడేటే? నేనేటి కోడినా, పొద్దుగూకకుండా తిని గూట్లో దూరడానికి?"

"కోడి నీకన్నా నయం. పెట్టింది తిని నోర్మూసుకుంటాది" అంది లక్ష్మీనరసమ్మ.

టీ గిన్నె అటక ఎక్కింది. సాయంత్రం భవాని వాకిట్లో నడుస్తుంటే జగన్నాధం వెనకే చేతులు కట్టుకుని నడిచేవాడు, కాపలా అనే పేరుతో. ఆమె పిక్కలు పట్టేస్తున్నాయంటే లక్ష్మీనరసమ్మ గోరువెచ్చటి నీళ్ళు పోసి నువ్వుల నూనెతో మర్దనా చేసింది. తేన్పులు కొంత తగ్గాయి. పిక్కలు సర్దుకున్నాయి. నిద్ర మాత్రం రాలేదు. కింద చాప మీద లక్ష్మీనరసమ్మకు ఎప్పుడు మెలకువ వచ్చినా పైన మంచం కిర్రుమంటూనే ఉండేది.

"టిప్పర్లే అత్తా. సప్పుడు" అంది భవాని, పొద్దున్నే కళ్ళు నులుముకుంటూ.

నిజమే అనుకుంది లక్ష్మీనరసమ్మ. విమానాశ్రయం పనులు మొదలైన దగ్గర్నుంచి ఆ రోడ్డు మీద కంకర లారీలు ఒకటే పోత. ఆ లారీలను తిట్టి, తన కొడుకూ ఎక్కడో ఇలాగే ఎవరి కోడలి నిద్రో చెడగొడుతుంటాడని గుర్తొచ్చి ఊరుకుంది. కానీ మధ్యాహ్నం చూస్తే భవాని వీధి వసారాలో తాటిచాప మీద ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది. వసారా రోడ్డుకు ఇంకా దగ్గర. టిప్పరు పోతుంటే గోడకు వేలాడే చేట గడగడలాడుతోంది. భవాని కదలడం లేదు.

లక్ష్మీనరసమ్మ గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. అదే మనిషి. అదే పొట్ట. అదే చప్పుడు. మెత్తటి పరుపు మీద రాని నిద్ర గరుకు చాప మీద ఎలా వస్తోంది? దేవుడి గదిలో రానిది, చెప్పులు విప్పే చోట ఎలా వస్తోంది?

ఆవిడ పెద్దగా చదువుకున్నది కాదు. అయినా గేదె పాలు తగ్గాయంటే ఎందుకు తగ్గాయో తేలేదాకా ఊరుకునే మనిషి కాదు. పరుపు తీయించి, చాపే మంచం మీద వేసింది. ఆ రాత్రీ మంచం కిర్రుమంది. దీపం వెలుగు కళ్ళలో పడుతోందేమో అని స్వామి దగ్గర దీపాన్ని చిన్న పలక చాటున పెట్టి, "ఏటీ అనుకోకు సామీ" అంది. లాభం లేదు. గాలి ఆడటం లేదేమో అని కిటికీ తెరిచింది. దోమలొచ్చాయి.

రెండు రోజులు పోయాక, పొద్దున్నే భవాని పళ్ళు తోముకుని వచ్చి ముఖం తుడుచుకుంటుంటే లక్ష్మీనరసమ్మ ఆమె బుగ్గ మీద చాప అల్లిక అచ్చుపడి ఉండటం చూసింది. కుడి బుగ్గ. ఆ మధ్యాహ్నం వసారాలో నిద్ర లేచి వచ్చినప్పుడు మళ్ళీ చూసింది. అచ్చు ఎడమ బుగ్గ మీద ఉంది.

ఆవిడకు దొంగ దొరికినట్టయింది.

"ఒసే భవానీ, ఇలా రా. కూకో. రాత్రి ఏ పక్క తొంగుంటన్నావే?"

"ఎడం పక్కే."

"నీ బుగ్గ అలా సెప్పట్లేదు."

భవాని తల దించుకుంది. కాసేపు చీర అంచు మెలిపెట్టింది. ఆ తర్వాత కట్ట తెగినట్టు మాటలు వచ్చాయి. "ఎడం పక్కకి తిరిగితే సామికి వీపు అవుతాది అత్తా. రాత్రల్లా సామికి వీపు పెట్టి ఎలా తొంగోను? కుడి పక్క తొంగుంటే మంట. ఎల్లకిలా తొంగుంటే ఊపిరాడదు. లేచి కూకుంటాను. కూకుని కూకుని నడుం పీకేస్తాది."

"మరి ఈశ్వరికి అబద్ధం ఆడేవేటి?"

"మీరు పక్కనే ఉన్నారు కదా. సామి గది బాగోనేదని మీకెలా సెప్పేది? మీరు మొక్కుకున్నారు."

లక్ష్మీనరసమ్మ మధ్యగది వైపు చూసింది. వేరే ఇల్లయితే, స్వామి పడమటి గోడకు ఉండి ఉంటే, ఈ పిల్ల ఎడమ పక్కకు తిరిగి ఆయన్నే చూస్తూ హాయిగా నిద్రపోయేది. తమ ఇంటి స్వామి శ్రీకూర్మం స్వామి కావడం వల్ల వచ్చింది ఇదంతా. తన భక్తి కోడలి నిద్రకు అడ్డం పడిందా?

"పాత గదిలోకి మార్సేద్దాం మంచం" అంది.

భవాని ఆవిడ చేయి గట్టిగా పట్టుకుంది. "వద్దత్తా! మొక్కు తప్పితే బిడ్డకేటన్నా అయితే?"

సాయంత్రం జగన్నాధం వచ్చాక ఆయనకూ చెప్పక తప్పలేదు. ఆయన మధ్యగదిలో నిలబడి, మొదటిసారి చూస్తున్నట్టు నాలుగు గోడలూ చూశాడు.

"తల ఉత్తరానికి పెడితే?"

"కడుపుతో ఉన్న పిల్లకి ఉత్తరం తలా? మతుండే మాట్లాడతన్నావా?"

"అయితే అడ్డంగా ఏద్దాం, తల తూరుపుకి. సామి తల మీదుంటాడు." ఆయన మంచం పట్టుకుని తిప్పాడు. అది సగం తిరిగి వంటింటి గుమ్మంలో కోడు ఇరుక్కుని ఆగిపోయింది. ఇటు వాళ్ళు ఇటు, అటు వాళ్ళు అటు. వంటింట్లో చిక్కుకుపోయిన లక్ష్మీనరసమ్మ, "బాగుంది, ఇంక నన్ను పెరడంట సుట్టూ తిరిగి రమ్మను" అని అరిచింది. భవాని చాలా రోజులకు నవ్వింది. మంచం మళ్ళీ ఉన్నచోటికే వచ్చింది.

"సామినే అవతలి గోడకి మారిస్తే?"

"మీ నాన్న కొట్టించిన మేకు. నువ్వే పీకు."

జగన్నాధం మేకు వంక చూసి, తల గోక్కుని, మంచం పట్టె మీద కూర్చున్నాడు. "అయినా వీపు సూపిస్తే కోపం వచ్చే సామి కాదే మన సామి. తాబేలై, కొండంత కొండని మోసింది దేంతో? వీపుతోనే కదా! వీపు సంగతి ఆయనకి తెలిసినట్టు ఇంకెవలికి తెలుసు?" అని, తను అన్న మాటకు తనే మురిసిపోయి, బీడీ వెతుక్కుంటూ బయటికి పోయాడు.

ఆ మాట లక్ష్మీనరసమ్మ మనసులో పడి ఉండిపోయింది. అయినా మగవాళ్ళ మాట నమ్మి దేవుడి విషయం తేల్చుకోవడం ఆవిడకు ఇష్టం లేదు. మర్నాడు మధ్యాహ్నం భవాని పెరట్లో ఉండగా మధ్యగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి, ఆ మంచం మీద తను పడుకుంది. ఎడమ పక్కకు ఒత్తిగిలింది.

ఎదురుగా పడమటి గోడ, సున్నం పెచ్చులూడిన చోటు. వెనక స్వామి. వీపు మీద ఎవరో చూస్తున్నట్టు నిజంగానే అనిపించింది. ఈ పిల్ల చెప్పింది అబద్ధం కాదు. తను మాత్రం రోజంతా ఈ గదిలోనే ఊడుస్తుంది, వడ్లు చెరుగుతుంది, జగన్నాధంతో పోట్లాడుతుంది. అప్పుడంతా స్వామికి ఎన్నిసార్లు వీపు పెట్టిందో! ఎప్పుడూ దోషం అనుకోలేదే? మెలకువగా ఉన్నప్పుడు లేని దోషం నిద్రలో ఎక్కడి నుంచి వస్తుంది? నిద్రపోయేవాడికి తెలియకుండా జరిగేదాన్ని దేవుడు లెక్కలో వేసుకుంటాడా? అడుగుదామంటే స్వామి వెనక ఉన్నాడు. అడగడానికి ఇటు తిరగాలి. తిరిగితే మళ్ళీ కుడి పక్క అవుతుంది.

అలా ఆలోచిస్తుంటే ఉమాశంకర్ చిన్నప్పటి సంగతి గుర్తొచ్చింది. వాడికి పాలు కావాలంటేనే ఆమె వైపు తిరిగేవాడు. కడుపు నిండాక అటు తిరిగి, వీపు తెచ్చి ఆమె పొట్టకు ఆనించి, అప్పుడు నిద్రపోయేవాడు. ఆమె వెనక ఉందని తెలుసు గనకే అటు తిరిగేవాడు. లేదని అనుమానం వస్తే చాలు, ఇటు తిరిగి వెతికేవాడు.

ఆవిడ గబుక్కున లేచి కూర్చుంది.

భవానికి చెప్పింది. భవాని శ్రద్ధగా వింది. కళ్ళు తుడుచుకుంది. కానీ, "అది తల్లి కదత్తా. సామి సామే కదా" అంది. మాటలతో పోయే భయం కాదని లక్ష్మీనరసమ్మకు అర్థమైంది. చెప్పడం మానేసి చాప తెచ్చి మంచం పక్కనే పరిచింది.

"ఇటు సూడు. నేను ఇలా, సామికి వీపు పెట్టి, ఎడం పక్కకి తొంగుంటన్నాను. ఏటన్నా అయితే ముందు నాకవ్వాల. నువ్వు కూకుని సామి మొకం సూస్తూ ఉండు. ఏటన్నా తేడా వస్తే నన్ను లేపు."

ఊరికే చూపించి లేద్దామనే ఆవిడ ఉద్దేశం. కానీ చాప మీద తల ఆన్చడమే తెలుసు. ఆవిడ అలవాటు ఆవిడది.

కళ్ళు తెరిచేసరికి భవాని మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.

"ఏటే? ఏటయ్యింది?"

"గురక పెట్టేరత్తా! టిప్పరు పోయినట్టు!" కొంగు జారిపోయి నవ్వు పగలబడింది. "సామినే సూస్తూ కూకున్నాను. ఆయన అలాగే ఉన్నాడు. ఏటీ అననేదు."

"అంటాడేటి మరి. నన్ను ఎన్నేళ్ళ నుంచో సూస్తన్నాడు. గురక కూడా కొత్త కాదు. ఇంక నువ్వు తొంగో."

భవాని స్వామి వైపు చూసి చేతులు జోడించింది. పెదవులు కదిలాయి. ఏం చెప్పుకుందో లక్ష్మీనరసమ్మ అడగలేదు. ఆ తర్వాత మెల్లగా, నీళ్ళలోకి దిగేవాళ్ళలా, మంచం పట్టె పట్టుకుని ఎడమ పక్కకు ఒత్తిగిలింది. లక్ష్మీనరసమ్మ ఆమె మోకాళ్ళ మధ్య దిండు పెట్టి, పాత చీర మడత పొట్ట కింద సర్దింది. కాసేపు భవాని మెడ బిగబట్టుకునే ఉంది. భుజం మీదుగా వెనక్కి చూసింది, ఒకసారి, ఇంకొకసారి. మూడోసారి చూడబోయి మధ్యలోనే ఆగిపోయింది. భుజం వదులైంది. ఊపిరి పొడుగైంది.

తర్వాతి వారం ఈశ్వరి పట్టీ విప్పి, బీపీ దిగిందని, విజయనగరం మాట ఇప్పట్లో అక్కర్లేదని అనడం, ఆ రాత్రుల్లో భవాని ఒకటి రెండుసార్లు బయటికి లేచినా మళ్ళీ వచ్చి అటే తిరిగి నిద్రపోవడం, అవన్నీ తర్వాతి సంగతులు. ఆ సాయంత్రం మాత్రం దీపం వేళ దాటిపోతున్నా పిల్ల లేవలేదు. పగలు ఎక్కువ తొంగోనివ్వద్దని నర్సు అన్న మాట లక్ష్మీనరసమ్మకు గుర్తుంది. లేపుదామని ఒకసారి చేయి చాపింది కూడా. ఎన్నాళ్ళ బాకీ నిద్రో అనిపించి చేయి వెనక్కి తీసుకుంది.

కాళ్ళు కడుక్కుని వచ్చి, అడుగు చప్పుడు కాకుండా స్వామి ముందు నిలబడి వత్తి వెలిగించింది. అలవాటు కొద్దీ చేయి గంట మీదికి పోయింది. పట్టుకుంది. మోగించలేదు. గంట లేని దీపారాధన ఆ ఇంట్లో ఎన్నడూ జరగలేదు. ఇది తప్పో ఒప్పో ఎవరిని అడగాలో ఆమెకు తెలియలేదు. అడగవలసినవాడు ఎదురుగానే ఉన్నాడు, కోడలి వీపు వంక చూస్తూ.

"నరసమ్మా! ఈ పూటేటి, కూడు పెట్టవా?" అంటూ జగన్నాధం వాకిట్లోంచి కేకేశాడు.

లక్ష్మీనరసమ్మ ఒక చేత్తో గంట నాలుక కదలకుండా పట్టుకునే, రెండో చేత్తో నోటి మీద వేలు వేసి గుమ్మంలోకి వచ్చింది.